తొమ్మిది రోజుల నీళ్ళు

కన్ను గీతకు సమంగా రావాలంటే రేవు మెట్లలో పైనుంచి అయిదో మెట్టు మీద గొంతుక్కూర్చోవాలి. నిలబడి చూస్తే ఒక అంకె, వంగి చూస్తే ఇంకో అంకె కనబడుతుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆమె అదే మెట్టు మీద అదే మూల కూర్చుంటోంది కాబట్టి అక్కడ రాయి కూడా కాస్త నునుపు దేరింది. ఎదురుగా నీళ్ళలో నిలువుగా బిగించిన తెల్ల కొలబద్ద, దాని మీద నల్ల గీతలు. పగటి పోటు నిండుగా వచ్చాక పది అలలు లెక్కపెట్టాలి. ఒక్కో అల ఎంత ఎత్తుకు ఎక్కింది, ఎంత కిందికి దిగింది రాసుకుని, అన్నీ కలిపి సగటు తియ్యాలి. ఈ పని వల్లే రేవులో వాళ్ళు ఆమెకు గీతలమ్మ అని పేరు పెట్టేశారు. "గీతలమ్మా, ఇవాళ సముద్రం ఏమంటోంది?" అని పడవల వాళ్ళు వేళాకోళం చేస్తే, "మీకంటే బుద్ధిగానే ఉందిలే" అని ఆమె చురక పెట్టేది.

ఆ సోమవారం ఎవరూ వేళాకోళం చెయ్యలేదు. పై మెట్టు మీద ఎవరో కొత్త మనిషి నిలబడి చూస్తున్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చంకన తోలు సంచీ. ఏడో అల దగ్గర ఆమెకు లెక్క తప్పింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

"కానివ్వండమ్మా, తొందరేం లేదు" అన్నాడతను మెత్తగా. పైనుంచి వచ్చిన ఆఫీసరట. అంత మెత్తగా మాట్లాడే ఆఫీసరును ఆమె ఎన్నడూ చూడలేదు. అందుకే ఆ మాట ఆమెకు ఏమాత్రం నచ్చలేదు.

మెట్ల పక్కనే ఆమె గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, నలభై ఒక్క ఏళ్ళ రిజిస్టర్లున్న ఇనుప బీరువా. గోడ మీద మొన్నటిదాకా 'సముద్రం పెరుగుతోంది' అని రాసిన పెద్ద బొమ్మ ఉండేది. కొత్త ప్రభుత్వం వచ్చిన రెండో వారంలోనే దాన్ని పీకించేశారు. ఇప్పుడక్కడ చదరపు తెల్లమచ్చ ఒకటి మిగిలింది. సముద్రం పెరగడమంతా పనీపాటా లేని వాళ్ళు పుట్టించిన పుకారని పెద్దలు సెలవిచ్చారు. కొలతలు బయట ఎవరికీ చెప్పరాదనీ, పాత కొలతలు నమ్మదగ్గవో కాదో తేలుస్తామనీ ఆ వెనకే ఉత్తరువు వచ్చింది. రేవుకు అవతలి పల్లపు నేలలో కొత్త గిడ్డంగులూ ఇళ్ళూ కట్టాలని తలపెట్టారు మరి. బీరువాలో ఉన్న అంకెలు నిజమైతే, ఇంకో పదిహేను ఇరవై ఏళ్ళకు ఆ ఇళ్ళ గడపల్లో చేపలు ఈదుతాయి.

ఆఫీసరు కుర్చీలో కూర్చుని చుట్టూ చూశాడు. తెల్లమచ్చ వైపు మాత్రం చూడలేదు.

"అన్నీ వద్దమ్మా, ఒక్క రిజిస్టరు చాలు" అని ఇరవై రెండేళ్ళ కిందటి సంవత్సరం చెప్పాడు.

ఆమె తాళాల గుత్తి అందుకుంది. నలభై ఒక్క రిజిస్టర్లుండగా సరిగ్గా అదే ఎందుకు?

బీరువా తాళం ఒక పట్టాన తిరగలేదు. అతను పేజీలు తిప్పుతుంటే ఆమె గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఆ పుస్తకాల్లో ఒక నియమం ఉంది. అంకె తప్పు పడితే చెరపకూడదు, దాని మీదే దిద్దకూడదు. కింది అంకె కనబడేలా ఒక్క అడ్డగీత గీసి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. అతను గీతలున్న చోట్ల ఆగలేదు. వానాకాలంలో ఒక్క గీతా లేని శుభ్రమైన పేజీ దగ్గర ఆగాడు. చాలాసేపు చూశాడు.

"ఆ ఏడాది అచ్చు పుస్తకం ఉందా? పోటు వేళలు ముందే లెక్కగట్టి వేస్తారే, అది."

ఇచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఏదో రాసుకున్నాడు. "దణ్ణం తల్లీ" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ పేజీలో తొమ్మిది వరసలున్నాయి. ఆ తొమ్మిదీ ఆమె నీళ్ళను చూసి రాసినవి కావు. పది నెలల కూతురికి జ్వరం తలకెక్కితే, కిటికీ లేని ఆస్పత్రి గదిలో తొమ్మిది రోజులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బిడ్డ గట్టెక్కి ఇంటికొచ్చాక చూస్తే తొమ్మిది వరసలూ ఖాళీ. అప్పటికింకా ఉద్యోగం ఖాయం కాలేదు. అచ్చు పుస్తకం ముందు పెట్టుకుని, అందులో అంకెలకు, నీళ్ళు మామూలుగా అంతకంటే ఎక్కువుండే మూడు గీతలు కలిపి, ఒకే కూర్చున్న పాటున తొమ్మిదీ నింపేసింది.

ఆ సంగతి తెలిసింది ముగ్గురికే. ఆమెకు, ఆమె భర్తకు, ఆడపడుచు చిట్టికి. భర్త మోటార్లు బాగుచేస్తాడు, మోటార్లతో తప్ప మనుషులతో మాట్లాడడు. ఇక మిగిలింది చిట్టి. అప్పుడు బళ్ళో చదువుకునే పిల్ల. ఇప్పుడు రేవు ఆఫీసులోనే టైపు చేస్తోంది. పైగా చిట్టి మొగుడు ఆరు నెలల నుంచి అధికార పార్టీ కండువా వేసుకుని తిరుగుతున్నాడు. అనుమానానికి ఇంకేం కావాలి!

*

మంగళవారం పోటు ముందురోజు కంటే ముక్కాలుగంట ఆలస్యంగా వచ్చింది, రోజూ అంతే. ఆమె కొలబద్దకు పట్టిన గుల్లలు గీకుతుంటే చిట్టి మెట్లు దిగి వచ్చింది, చేతిలో అరటిపళ్ళ అత్తంతో.

"వదినా, తిన్నావా?"

"తిన్నాను."

"మొహం అలా పీక్కుపోయిందేం?"

"ఎండ."

చిట్టి పై మెట్టు మీద కూలబడింది. కాసేపు కొంగుతో విసురుకుంది. ఆ తర్వాత చాలా మామూలుగా, మరీ మామూలుగా అడిగింది. "ఆ పాత రిజిస్టర్లు ఇంకా బీరువాలోనే ఉన్నాయా వదినా?"

గీకుతున్న చెయ్యి ఆగింది. "ఎందుకు అడుగుతున్నావు?"

"ఊరికే."

"ఊరికే అడగడానికి ఇంత ఎండలో నడిచొచ్చావా?"

చిట్టి ఏదో అనబోయి, పైన ఎవరో నడుస్తున్న చప్పుడుకి నోరు మూసుకుంది. "మళ్ళీ వస్తాలే" అని పళ్ళు అక్కడే పెట్టేసి వెళ్ళింది. ఆ పళ్ళు ఆమె ముట్టుకోలేదు. వచ్చినప్పుడల్లా తిన్నగా కళ్ళలోకి చూసే పిల్ల, ఇవాళ సముద్రం వైపు చూస్తూ మాట్లాడింది. అది చాలదూ?

చాలకపోతే, మధ్యాహ్నం ఆ లోటు కూడా తీరింది. వారం కొలతల చీటీ ఇవ్వడానికి రేవు ఆఫీసుకి వెళ్తే, కిటికీలోంచి చిట్టి కనబడింది. పక్కనే ఆఫీసరు వంగి కాగితం మీద వేలితో చూపిస్తున్నాడు. చిట్టి తలాడిస్తోంది. ఆమె చీటీని గుమాస్తా బల్ల మీద పడేసి వెనక్కి తిరిగింది. దారంతా ఒకటే మాట. చేతుల మీద పెంచాను కదే, జడలు వేసి బడికి పంపాను కదే!

బుధవారం ఆఫీసరు ఆమె గదికే వచ్చాడు. సంచీలోంచి కాగితం తీసి బల్ల మీద ఆమె వైపు తిప్పి పెట్టాడు.

కొలబద్ద కిందున్న బురద జారడం వల్ల అది ఇరవై ఏళ్ళ కిందటే కుంగిందనీ, దానివల్ల నీళ్ళు ఉన్నదానికంటే ఎక్కువగా కనబడ్డాయనీ, నిజానికి సముద్రం ఎక్కడిదక్కడే ఉందనీ అందులో ఉంది. కింద ఆమె సంతకానికి చోటు.

"ఇది కుంగలేదండీ" అంది ఆమె. "గట్టు రాతిలో ఇత్తడి గుర్తు ఉంది. నెలకోసారి దానితో సరిచూస్తాను."

"సరిచూశామని రాశారు" అన్నాడతను మెత్తగా. "రాసినవన్నీ చూసినవేనా అమ్మా?"

ఆమె చూపు బీరువా మీదికి పోయింది. అతను తొమ్మిది తేదీలూ వరసగా, పుస్తకం చూడకుండా చెప్పాడు.

"శుక్రవారం రేవు సూపరింటెండెంటు గారి సమావేశం ఉంది. పడవల వాళ్ళూ, గిడ్డంగులు కట్టే కాంట్రాక్టరూ, అందరూ వస్తారు. ఈ కాగితం మీద సంతకం ఉంటే, ఆ తొమ్మిది రోజుల సంగతి నా సంచీ దాటి బయటికి రాదు. లేకపోతే చదవాల్సొస్తుంది. ఇలాంటి చేతి రాతను నమ్మలేమని మొత్తం రిజిస్టర్లన్నీ పక్కన పెట్టేస్తాం. రెండు విధాలా ఒకటే అవుతుంది. మీ పరువైనా దక్కించుకోండి."

"ఎవరు చెప్పారు మీకు?"

అతను సంచీ మూసుకుంటూ నవ్వాడు. "ఎవరో ఒకరు చెప్తారు కదమ్మా."

*

గురువారం చిట్టి మళ్ళీ వచ్చింది. ఈసారి గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. భుజానికి గుడ్డసంచీ ఉంది.

"వదినా, నీతో ఒక మాట..."

"ఇంకా ఏం మాట మిగిలింది?" అంది ఆమె.  "చెప్పాల్సింది చెప్పావుగా. మీ ఆయనకేం పదవి ఇస్తామన్నారు?"

చిట్టి మొహంలో రంగు పోయింది. "నేనేం చెప్పాను?"

"తొమ్మిది తేదీలు. ఎవరికి తెలుసు నీకు తప్ప? నువ్వూ ఆయనా తలలు దగ్గరపెట్టుకుని మాట్లాడుకోవడం నా కళ్ళతో చూశాను."

"సోమవారమే టైపు చెయ్యమని ఇచ్చాడు వదినా. ఆ తేదీలు చూసి నాకూ గుండె ఆగినంత పనైంది. అందుకే..."

"అందుకే ఆరా తియ్యడానికి అరటిపళ్ళు పట్టుకొచ్చావా?"

చిట్టి సంచీ తాడును రెండు చేతులతో పట్టుకుంది. "నీకు నేను అలాంటిదాన్నిగా కనబడ్డానన్నమాట" అని మెల్లగా అనేసి వెళ్ళిపోయింది. తలుపు మాత్రం చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది. ఆ నెమ్మది ఆమెకు చెంపదెబ్బకంటే ఎక్కువగా తగిలింది, కానీ అనుమానం ఆ నెమ్మదిలో కూడా నటన వెతుక్కుంది.

పోటు కొలిచి వచ్చాక ఆమె ఆ ఏడాది రిజిస్టరు ముందేసుకుంది. తొమ్మిది అంకెలూ వదిలేసి ఏడాది సగటు మళ్ళీ కట్టింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఏడాది సగటు గీతంత కూడా కదల్లేదు. నలభై ఒక్క ఏళ్ళ కొలతలు పదిహేను వేలు. అందులో తొమ్మిది. ఆ పదిహేను వేలలో మూడోవంతుకు పైగా ఆమెకు ముందు ఇదే మెట్టు మీద కూర్చున్న పెద్దాయనవి. ఆయన వానలో తడిసి, కాలు విరిగినప్పుడు కర్రతో కుంటుకుంటూ వచ్చి చదివినవి. తన తొమ్మిదిని దాచుకోవడానికి ఆయన ఏళ్ళన్నీ నీళ్ళలో కలపాలా? ఆఫీసరు ఇచ్చి వెళ్ళిన కాగితం తీసి చూసింది. సంతకం చోటు ఎంత శుభ్రంగా ఉందో, ఆ తొమ్మిది వరసల్లాగే. దాన్ని మడిచి రిజిస్టర్లో పెట్టేసింది. రేపు ఏం జరుగుతుందో తల్చుకుంటే భయం వేసింది, చాలా భయం వేసింది.

*

శుక్రవారం హాలు నిండింది. సూపరింటెండెంటు గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఇబ్బంది వచ్చినప్పుడల్లా ఆయన అద్దాలకు మకిలి పడుతుంది. ఒక పక్క పడవల సంఘం పెద్ద, ఇంకో పక్క కాంట్రాక్టరు, మూల టైపు మిషను దగ్గర చిట్టి. చిట్టి ఆమె వైపు చూడలేదు.

"కొలబద్ద కుంగిన విషయం, దాన్ని చదివే ఈవిడే స్వయంగా ధ్రువపరుస్తారు" అన్నాడు ఆఫీసరు.

ఆమె లేచి నిలబడింది. బల్ల అంచు పట్టుకుంది.

"ముందు నా తప్పు చెప్తాను" అంది. "ఇరవై రెండేళ్ళ కిందట తొమ్మిది రోజులు నేను రేవుకి రాలేదు. బిడ్డకు బాగోలేదు. వచ్చినట్టు దొంగ అంకెలు రాశాను. అవి కొట్టెయ్యండి. నన్నేం చేస్తారో చెయ్యండి. కానీ కొలబద్ద కుంగిందని మాత్రం సంతకం పెట్టను. ఒక అబద్ధం మొయ్యడానికే ఇన్నేళ్ళు పట్టింది నాకు."

మూల టైపు మిషను ఆగింది.

"మరి మిగతా రోజులు?" అన్నాడు పడవల పెద్ద.

"మిగతా రోజులు నీళ్ళు చూసే రాశాను. నా మాట నమ్మొద్దు. నమ్మమని అడిగే మొహం నాకు లేదు. ఇత్తడి గుర్తు రాతిలో ఉంది, కొలబద్ద నీళ్ళలో ఉంది. రెండిటికీ ఉండాల్సిన తేడా మొదటి రిజిస్టరు మొదటి పేజీలో పెద్దాయన రాసి పెట్టారు. మీరే వచ్చి సరిచూసుకోండి."

"దానికి పెద్ద పెద్ద యంత్రాలు కావాలి" అన్నాడు ఆఫీసరు.

"ఎందుకండీ యంత్రాలు?" పడవల పెద్ద నవ్వాడు. "కాంట్రాక్టరు గారి మేస్త్రీ బయటే ఉన్నాడుగా. వాడి దగ్గర నీళ్ళ గొట్టం ఉంటుంది. పునాదులు దానితోనే కదా మట్టం చూస్తారు!"

కాంట్రాక్టరు అడ్డం చెప్పబోయేలోగానే సగం హాలు లేచింది. మేస్త్రీ సన్నటి గాజులాంటి గొట్టంలో నీళ్ళు నింపి, ఒక కొస ఇత్తడి గుర్తు దగ్గర పట్టించాడు. రెండో కొస పట్టుకుని తనే మెట్లు దిగి కొలబద్దకు ఆనించాడు. గొట్టంలో నీళ్ళు ఊగి ఊగి ఆగాయి. అతనికి రాజకీయాలు పట్టవు. కళ్ళు చికిలించి చూసి, అక్కణ్ణించే అరిచాడు. "నూట పన్నెండు!"

సూపరింటెండెంటు గారు మొదటి రిజిస్టరు తెరిచారు. అద్దాలు తుడిచారు. మళ్ళీ చూశారు. "నూట పన్నెండే" అన్నారు, ఎవరినో క్షమించమన్నట్టు.

కొలబద్ద నలభై ఒక్క ఏళ్ళుగా వెంట్రుకవాసి కదల్లేదు. ఆ మాట అందరి ఎదుటా రాయక తప్పలేదు. తొమ్మిది రోజులు తీసేసి మిగతావి ఉంచాలని కూడా రాశారు. దాని కిందే ఆమెను విచారణ అయ్యేదాకా పనినుంచి తప్పించినట్టు, సోమవారం తాళాలు అప్పగించాలని రాశారు. అదీ చిట్టే టైపు చేసింది.

జనం పల్చబడ్డాక ఆఫీసరు మెట్ల దగ్గర ఆమె పక్కన ఆగాడు.

"ఇప్పుడైనా చెప్పండి, ఎవరు చెప్పారు?" అంది ఆమె.

"ఎవరూ చెప్పలేదమ్మా. మీరు ఏటేటా పైకి పంపిన అంకెలే చెప్పాయి. అచ్చు పుస్తకానికీ నిజం నీళ్ళకీ తేడా ఏ రోజుకారోజు మారుతుంది. ఒకరోజు రెండు, ఒకరోజు ఎనిమిది. గాలి ఊరుకోదుగా. ఆ తొమ్మిది రోజులూ సరిగ్గా మూడే. ఏ సముద్రమూ అంత చెప్పినమాట వినదు."

అంటే చిట్టి కాదు. ఆమె అతని వైపు తిరిగింది. "ఇంత బాగా లెక్కలు వచ్చినవాళ్ళు, మిగతా పదిహేను వేలూ చూశారా మీరు?"

అతను నీళ్ళవైపు చూశాడు. "చూశానమ్మా" అన్నాడు. ఈసారి గొంతులో మెత్తదనం లేదు. సంచీ చంకన పెట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

*

శనివారం పొద్దున్నే ఆమె చిట్టి ఇంటి గుమ్మం ముందు నిలబడింది. చిట్టి మొగుడు కండువా సర్దుకుంటూ ఎదురొచ్చి, "లోపలికి రండి" అని తను బయటికి పోయాడు.

"నన్ను తిట్టు" అంది ఆమె. "చెప్పుతో కొట్టినా పడతాను. నీ మీద లేనిపోని అనుమానం పడ్డాను చిట్టీ."

"తిట్టడానికి నాకు ఓపిక లేదు వదినా. కూర్చో." చిట్టి లోపలికి వెళ్ళి అదే గుడ్డసంచీ తెచ్చింది. అందులోంచి తీసింది పాత లెక్కల నోటుపుస్తకం. అట్ట ఊడిపోయింది. చివరి పేజీ తిప్పి చేతిలో పెట్టింది.

పిల్ల చేతిరాతలో తేదీలు. తేదీ కింద తేదీ. ప్రతి తేదీ పక్కనా పది అలలు, ఎక్కిందీ దిగిందీ, పక్కన సగటు.

"అన్నయ్య వెళ్ళమన్నాడు" అంది చిట్టి. "నువ్వు సెలవుల్లో నేర్పావుగా, అయిదో మెట్టు, పది అలలు. మొదటి రెండు రోజులూ నేనూ ఇంట్లో ఏడుస్తూ కూర్చున్నా. మూడోరోజు నుంచి వెళ్ళాను. మంగళవారం అడిగింది ఇందుకే. రిజిస్టరు ఇంకా నీ దగ్గరే ఉంటే ఇవి చూపిద్దామని."

"మరి అప్పుడే ఎందుకివ్వలేదే?"

"ఇద్దామనే తెచ్చాను. నువ్వు ఆస్పత్రి నుంచి వచ్చి రిజిస్టర్లో గబగబా రాస్తున్నావు. నేను పుస్తకం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. తలెత్తి చూసి, 'ఎవరితోనూ అనకే చిట్టీ' అన్నావు. ఇంకేం ఇస్తాను?"

ఆమె ఏడ్చింది. ఏడుపు ఆపుకోవాలని కూడా చూడలేదు. చిట్టి పక్కన కూర్చుని, చిన్నప్పుడు జడ వేయించుకునేటప్పుడు కూర్చున్నట్టే ఒరిగి, "ఊరుకో వదినా, ఇంక ఊరుకో" అంది.

పోటు వేళకు ఇద్దరూ రేవు గదికి వచ్చారు. తాళాలు సోమవారం దాకా ఆమెవే. రిజిస్టరూ నోటుపుస్తకమూ పక్కపక్కన పెట్టుకుని వరసకు వరస చూస్తూ పోయింది. ఆమె మూడు కలిపిన చోట చిట్టికి పదకొండు ఎక్కువ వచ్చింది. తర్వాత పద్నాలుగు. తర్వాత తొమ్మిది. కిటికీ లేని గదిలో కూర్చున్న తనకు తెలియని గాలి ఏదో ఆ వారమంతా బయట వీచింది. ఒక తేదీ దగ్గర అంకె లేదు. 'గాలి ఎక్కువ. దిగలేదు. వదిన కూర్చునే మెట్టు మునిగింది' అని మాత్రం ఉంది. చదివిన ఆరు రోజుల్లో ఒక్కరోజు కూడా సముద్రం ఆమె రాసినంత తక్కువగా లేదు.

"చూశావా" అంది ఆమె. "దొంగ లెక్క రాసి, నేనూ వాళ్ళ పనే చేశాను."

కలం తీసి తొమ్మిది అంకెల మీదా ఒక్కొక్క అడ్డగీత గీసింది, కింది అంకె కనబడేలా. ఆరింటి పక్కన చిట్టి అంకెలు ఎక్కించింది. మెట్టు మునిగిన రోజుకు చిట్టి మాటలే రాసింది. మిగిలిన రెండు వరసల్లో 'కొలవలేదు' అని రాసింది. ఇంత చిన్న మాటకు అప్పుడెందుకు చెయ్యి రాలేదో ఆమెకు అర్థం కాలేదు. గీతల పక్కన తన సంతకం పెట్టి, రిజిస్టరు చిట్టి వైపు తిప్పింది.

"చదివింది నువ్వు కదా. నువ్వూ పెట్టు."

చిట్టి కలం పట్టుకుని ఆగింది. "తారీఖు అప్పటిది వెయ్యనా, ఇవాళ్టిదా?"

"ఇవాళ్టిదే వెయ్యి తల్లీ" అంది ఆమె. "ఇంక దొంగ తారీఖులొద్దు."

చిట్టి సంతకం పెట్టి తేదీ వేసింది. పోటు నిండుగా వచ్చింది. ఆమె చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, అయిదో మెట్టు మీద గొంతుక్కూర్చుని, మొదటి అల కోసం చూసింది.